పో

ఆ పొద్దున నా చేతుల్లో తడి దుప్పటి ఉంది.
సగం పిండాను, మిగతా సగం కారుతూనే ఉంది.
మొదటి అంతస్తు పిట్టగోడ మీంచి చూస్తే
అయనావరంలో మా సందు అరచెయ్యంత.
అందులో ఐదు కుక్కలు.
మధ్యలో టికెట్టు.

టికెట్టంటే తణికాచలంగారి కుక్క.
ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సులో విజిలేసిన మనిషి
రిటైరయ్యాక దొరికిన పిల్లకి
ఇంకే పేరు పెడతారు?
పొట్టి కాళ్లు, మడత పడ్డ ఒక చెవి,
నా ముగ్గు తొక్కకుండా
చుట్టూ తిరిగి వెళ్లేంత మర్యాద.

పో అనాలి.
అంతే, ఒక్క అక్షరం.
తెలుగులోనూ అదే, తమిళంలోనూ అదే,
ఏ కుక్కకైనా తెలిసిందే.
ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో
రెండు భాషల మధ్య తడుముకుంటూ బతికినదాన్ని,
తడుముకోనక్కర్లేని ఆ ఒక్క మాట
గొంతులో ఎముకలా అడ్డం పడింది.

ఎంతసేపని? పాలు పొంగేంతసేపు కూడా కాదు.
ఇస్త్రీబండి మునుసామి కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి
అవి చెదిరిపోయాయి.
చూసుకుంటే దుప్పటి
చుక్క నీరు లేకుండా పిండి ఉంది నా చేతుల్లో.
ఎప్పుడు పిండానో.

సాయంత్రం రైల్వే గోడ పక్కన,
మా పేటలో మట్టి మిగిలిన ఒకే ఒక్క చోట,
మునుసామి గునపంతో తవ్వాడు.
చుట్టడానికి ఆ దుప్పటే ఇచ్చాను. అంచులింకా ఆరలేదు.
తణికాచలంగారు జేబులోంచి విజిల్ తీసి
పెదాల దాకా తెచ్చి
మళ్లీ జేబులో వేసుకున్నారు.
ఒక్క విజిలంటే ఆగు. రెండంటే పో.
ఏది ఊదాలో తేల్చుకోలేదేమో.

"కుక్కేగా, మనిషి కాదుగా" అంది మా అక్క, నెల్లూరు నుంచి ఫోన్లో.
కాదు. నిజమే.
"పైనుంచి నువ్వేం చేస్తావు" అంది మేడమీది సెల్వరాణి.
ఏమీ చెయ్యను. అదీ నిజమే.

వాళ్లిద్దరికీ చెప్పనిది ఒకటుంది.
ఆ ఐదింట్లో మూడింటికి
రాత్రుళ్లు అన్నం పెట్టేది నేనే.
గంజి, చేప తలకాయలు, ఆదివారం ఎముకలు.
వాటిలో చెవి తెగిన గోధుమరంగుది
పోయిన వానల్లో మెట్ల కింద
నా పాత చీర మీదే ఈనింది.
దాని మూతి నాకు చీకట్లో కూడా తెలుసు.
అందుకే, పగలు తెలియలేదని ఎలా అనను?

వారం రోజులు మిషను తొక్కలేదు.
చక్రం తిరగ్గానే ఆ గుర్రు వినిపిస్తుంది.
పెళ్లి జాకెట్టొకటి చంకల దగ్గరే ఆగిపోయింది.
పెళ్లికూతురి తల్లి వచ్చి
నోటికొచ్చినట్టు తిట్టిపోయింది.
మంచిదే, ఎవరో ఒకరు తిట్టాలి కదా.

పాల బూత్‌కి చుట్టుదారిన వెళ్లాను.
చేతిలో గొడుగు. ఎండా లేదు, వానా లేదు.
ఆ చోట ఎవరో ఫినాయిల్ పోశారు,
ఎవరో పసుపునీళ్లు చల్లారు,
మూడోరోజుకి ఎవరో స్కూటర్ పెట్టుకున్నారు.
స్కూటర్ పట్టేంత చోటే అది.

కుర్రాళ్లు కార్పొరేషన్‌కి అర్జీ రాసి
సంతకానికి తెస్తే
తణికాచలంగారు కళ్లజోడు కనబడట్లేదన్నారు.
జోడు నెత్తిమీదే ఉంది.
కాగితం నా దగ్గరికొచ్చింది.
నేనూ చేతులు తడి అన్నాను.

తొమ్మిదో రాత్రి
అన్నం గిన్నె పట్టుకుని దిగాను,
పెట్టడానికో, పారెయ్యడానికో తెలియకుండానే.
చివరి మెట్టు దగ్గర గోధుమరంగుది,
ఎప్పటిలాగే తోక ఊపుతూ.

పో, అన్నాను.
అప్పటి గొంతు ఇప్పుడొచ్చింది.
రెండడుగులు వెనక్కేసి
తల పక్కకి వంచి చూసింది,
కొత్త భాషేదో విన్నట్టు.
అక్కడే కూర్చుంది.
నేనూ మెట్టుమీద కూర్చున్నాను.
మా మధ్య గిన్నె చల్లారుతోంది.

ఎదురింటి చీకట్లోంచి
ఒక విజిల్ వినిపించింది.
కుక్క చెవులు నిక్కించింది.
నేను కూడా,
రెండోది వస్తుందేమోనని.